డాక్టర్ అన్నా కుగ్లర్: గుంటూరు ఆసుపత్రి వెలుగునీడలు

గుంటూరు ప్రాంతపు పాత తరం వారికి కాన్పు అనగానే కుగ్లర్ ఆసుపత్రి గుర్తుకు వచ్చేది. ఆ పేరు సముద్రాలు దాటి వచ్చి, తెలుగునేలపైనే కన్నుమూసిన ఒక వైద్యురాలిది.

డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, ఆర్డ్‌మోర్‌లో జన్మించారు. స్త్రీలు వైద్యవిద్య అభ్యసించడం అరుదైన ఆ రోజుల్లో, 1879లో పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల నుంచి పట్టా పొందారు. కొంతకాలం నోరిస్‌టౌన్ మానసిక చికిత్సాలయంలో పనిచేసి, 1883 చివర లూథరన్ మిషన్ తరఫున గుంటూరు చేరారు.

విచిత్రమేమంటే, పంపినవారు ఆమెను వైద్యం చేయడానికి పంపలేదు. వైద్యసేవ ఆరంభించే సంకల్పం అప్పటికి మిషన్ వారికి లేదు. ఆమెకు అప్పగించినది బాలికల చదువు, ఘోషా స్త్రీల మధ్య బోధన. అయినా రోగం అంటూ గుమ్మం ముందు నిలిచిన వారిని ఆమె తిప్పి పంపలేదు. రెండేళ్ళ తరువాత, 1885 చివరలో గాని ఆమెను వైద్య మిషనరీగా నియమించలేదు.

తొలి రోజులు కఠినమైనవి. పరపురుషుడైన వైద్యుని చేత పరీక్ష చేయించుకోవడానికి ఇష్టపడక ప్రాణాలు పోగొట్టుకున్న స్త్రీలెందరో! వారికి ఆమె అవసరమే; కాని ఆచారం అడ్డం. ఆమె తాకిన వస్తువులను శుద్ధి చేసుకున్న ఇళ్ళూ ఉన్నాయి. ఆమె దానిని అవమానంగా భావించి ఆగిపోయి ఉంటే, ఈ కథే లేదు.

ఆసుపత్రి కట్టడానికి ధనం ఎక్కడిది? ప్రధానంగా అమెరికాలోని లూథరన్ స్త్రీల సంఘాలు కూడబెట్టిన చందాలే. 1893లో డిస్పెన్సరీ ప్రారంభమైంది. ఆ శతాబ్దం ముగిసేలోగా ఆసుపత్రి భవనమూ నిలిచింది. నర్సు కేథరిన్ ఫాస్, డాక్టర్ మేరీ బేర్ తోడుగా వచ్చారు. తెలుగు యువతులకు నర్సు శిక్షణ లభించింది.

స్థానికుల ఆదరణకు ఏలూరు రాజా మంత్రిప్రగడ భుజంగరావు బహద్దరు ఉదంతం మంచి సాక్ష్యం. తన కుటుంబానికి అందిన వైద్యానికి కృతజ్ఞతగా ఆయన రోగుల బంధువులు బస చేయడానికి ఆసుపత్రి చెంత సత్రం కట్టించారు. పల్లెల నుంచి రోగిని తీసుకువచ్చి, చెట్టు కింద వంట చేసుకునే వారి అవస్థ తెలిసిన వారికే ఆ దానం విలువ బోధపడుతుంది.

ప్రభుత్వం ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చి గౌరవించింది. 1930 జూలై 26న ఆమె గుంటూరులోనే కన్నుమూశారు. ఆసుపత్రికి ఆమె పేరే స్థిరపడింది.

భవనానికి ఒకసారి చందా ఇచ్చేవారు దొరుకుతారు. కాని మందులు, జీతాలు, మరమ్మతులు ఏటేటా తప్పని ఖర్చులు. పేదలకు వైద్యం చేసే ఆసుపత్రికి రోగుల రుసుముతోనే ఈ భారం తీరదు. లోటు పూడ్చినది విదేశీ సాయమే. స్వాతంత్ర్యానంతరం మిషనరీల రాక, వారితోపాటు సొమ్ము క్రమంగా తగ్గాయి. నిర్వహణ ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం చేతిలోకి వచ్చింది. ఆ సంఘంలోని అంతర్గత వివాదాలు న్యాయస్థానాల దాకా వెళ్ళాయి. మరోవంక గుంటూరు నిండా కొత్త యంత్రాలతో నర్సింగ్ హోములు వెలిశాయి. డబ్బు చెల్లించగలవారు అటు మళ్ళారు. రాబడి తగ్గితే పరికరాలు రావు; పరికరాలు లేకపోతే వైద్యులు నిలవరు; వైద్యులు లేని చోటికి రోగి రాడు. ఒకనాటి వైభవం ఈ విధంగా కరిగిపోయింది.

ఇందుకు భిన్నమైన దారి మన సరిహద్దు పల్లెల వారికి తెలిసినదే. చెన్నై వాషర్‌మెన్‌పేట వద్దనున్న స్టాన్లీ ఆసుపత్రి మూలం కూడా దానధర్మమే. 1782 నాటి కరువులో గంజి పోసిన మణెగార్ సత్రం నుంచి అది పెరిగింది. కాలక్రమంలో ప్రభుత్వ ఖజానా దాని వెనుక నిలబడింది. 1910లో రాయపురం ఆసుపత్రిగా, 1930ల నుంచి స్టాన్లీగా విస్తరించింది. కుగ్లర్ ఆసుపత్రికి అటువంటి ఖజానా లేదు. సముద్రానికి ఆవలి దాతల దయ ఉండేది. ఆ దాతల తరం గతించేనాటికి దాని స్థానంలో నిలిచే శాశ్వత నిధిని ఇక్కడివారు సమకూర్చలేకపోయారు. రాజావారి సత్రం వంటి దానాలు మరికొన్ని ఉన్నా, నెలనెలా జీతాలకు సత్రం పనికిరాదు గదా.