రాజాబాయి గడియార స్తంభం కట్టించిన షేర్ల బ్రోకరు



1989లో ఎల్.టి.సి. మీద కుటుంబంతో బొంబాయి వెళ్ళినప్పుడు విశ్వవిద్యాలయ ఆవరణలో రాజాబాయి గడియార స్తంభం చూశాము. 280 అడుగుల ఎత్తు. ఎవరో రాణిగారి పేరు కాబోలనుకున్నాను. ఒక షేర్ల బ్రోకరు ఇచ్చిన డబ్బుతో, ఆయన తల్లి పేరిట కట్టినదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆయనే ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. షేర్లంటే జూదమనేవారూ, షేర్లంటే ఎగబడేవారూ కూడా తెలుసుకోదగిన జీవితం ఆయనది.

ప్రేమ్‌చంద్‌గారు 1831లో సూరత్‌లో జైన కుటుంబంలో జన్మించారు. తండ్రితో బొంబాయి చేరి, ఇంగ్లీషు చదువుకొని, యుక్తవయసులోనే షేర్ల బేరంలో దిగారు. అప్పట్లో ఈ బేరాలకు భవనం లేదు. బ్రోకర్లు టౌన్‌హాలు దగ్గర చెట్ల నీడన చేరేవారు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందక, మన పత్తి ధర ఆకాశాన్నంటింది. బొంబాయిలో డబ్బు వరదలా వచ్చి పడింది. రోజుకో బ్యాంకు, రోజుకో కంపెనీ పుట్టుకొచ్చాయి. సముద్రం పూడ్చి నేల చేస్తామన్న బ్యాక్‌బే కంపెనీలో 5,000 రూపాయలు చెల్లించిన షేరు 50,000 దాకా పోయింది. బ్యాంకులు షేర్లు తాకట్టు పెట్టుకొని అప్పులిచ్చాయి. ఆ అప్పుతో జనం మళ్ళీ షేర్లే కొన్నారు. ఈ వేలంవెర్రికి నాయకుడు ప్రేమ్‌చంద్‌గారే. బ్యాంక్ ఆఫ్ బాంబేలో ఆయన మాటకు ఎదురుండేది కాదు.

1865 ఏప్రిల్‌లో యుద్ధం ముగింపుకొచ్చింది. పత్తి ధర కూలింది. వాయిదా బేరాలు తీర్చవలసిన జూలై 1న చెల్లించే నాథుడు లేకపోయాడు. 2,850 రూపాయలు పలికిన బ్యాంక్ ఆఫ్ బాంబే షేరు 87కు దిగింది. 1868లో ఆ బ్యాంకే మూతపడింది. ఎన్నో కుటుంబాలు వీధిన పడ్డాయి. ప్రేమ్‌చంద్‌గారి ఆస్తీ పోయింది. ఇందులో ఆయన తప్పు లేదనలేము.

అయినా ఆయన ఊరు విడిచి పోలేదు. అదే బొంబాయిలో మళ్ళీ వ్యాపారం చేసి నిలదొక్కుకున్నారు. మంచి రోజుల్లో బొంబాయి విశ్వవిద్యాలయానికి గ్రంథాలయం కోసం 2 లక్షలు, గడియార స్తంభం కోసం 2 లక్షలు ఇచ్చారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆయన పేర స్కాలర్‌షిప్పు వెలిసింది. 1875లో బ్రోకర్లందరూ ఒక సంఘంగా ఏర్పడ్డారు. ప్రవేశ రుసుము 1 రూపాయి. అదే నేటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి. దాని వ్యవస్థాపకులలో ఆయన ఒకరు. 1878లో గడియార స్తంభం పూర్తయింది. 1906లో ఆయన కన్నుమూశారు.

ఇదంతా ఎందుకు వ్రాస్తున్నానంటే, 1865 నాటి తప్పే నేను 1995లో చేశాను. ఆఫీసులో అందరూ కొంటున్నారని జి.పి.ఎఫ్. అప్పు తీసి ఒక కొత్త కంపెనీ షేర్లు కొన్నాను. అది ఏం తయారుచేస్తుందో కూడా అడగలేదు. రెండేళ్ళకు కంపెనీ అడ్రసు లేదు. నా జీతంలో కోత మాత్రం ఆగలేదు. ఆ కాగితాలు ఇంకా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

కాని డి.ఎ. బకాయిలతో కొన్న ఒక పాత కంపెనీ షేర్లు కొద్దిగా ఉండేవి. వాటిని కదపలేదు. ఏటా డివిడెండు వచ్చింది, బోనసు షేర్లూ వచ్చాయి. మనవరాలి కాలేజీ ఫీజుకు అవే ఆదుకున్నాయి. షేరంటే నడిచే వ్యాపారంలో మన వాటా అని అప్పుడు బోధపడింది. దేశంలో ఫ్యాక్టరీలూ బ్యాంకులూ పెరిగితే చిన్న ఊళ్ళోని గుమాస్తాకూ అందులో పాలు దక్కుతుంది. ధరలు పెరిగినప్పుడు వడ్డీ ఒక్కటే చాలదు గదా!

1992లో సెబీకి చట్టబలం వచ్చింది. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో కంప్యూటరు తెరపై బేరాలు మొదలయ్యాయి. 1996 డిపాజిటరీల చట్టంతో కాగితాల బెడద తగ్గింది. అయినా నష్టభయం పోలేదు. మందులకూ ఇంటి ఖర్చుకూ కావలసినది పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఉంచుకొని, మిగిలినదే షేర్లలో పెట్టాలి.

పిల్లలు షేర్ల మాటెత్తితే కసరకండి. అప్పు తెచ్చి కొనవద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు