కౌంట్ జ్బొరౌస్కీ

ఇంగ్లండులో వేబ్రిడ్జి పట్టణం చెంత బ్రూక్‌లాండ్సు అనే పందెపు బాట ఒకటి ఉండేది. 1907లో కాంక్రీటుతో నిర్మితమై, మలుపులవద్ద కోటగోడవలె పైకి లేచిన ఆ బాటమీద 1921 ఈస్టరు పండుగనాడు ఒక వింత శకటం ప్రత్యక్షమైంది. చూడబోతే అది యుద్ధానికి పూర్వపు పాత మెర్సిడెస్ కారు. ముందుభాగంలో మాత్రం, కారుకోసం కాక ఆకాశయానంకోసం పుట్టిన 23 లీటర్ల మేబాక్ ఇంజను. ఆనాడు అది గంటకు 100 మైళ్ల వేగాన్ని మించి, రెండు పందేలు గెలిచింది. నడిపినవాడు ఇరవై ఆరేండ్ల కౌంట్ లూయీ జ్బొరౌస్కీ. కారు పేరు చిట్టీ బాంగ్ బాంగ్.

లూయీ 1895లో లండనులో జన్మించాడు. తల్లి అమెరికాలోని ఆస్టర్ ధనిక వంశానికి చెందినది. తండ్రి ఎలియట్ కూడా వేగానికి దాసుడే. 1903లో నీస్ నగర సమీపాన లా టుర్బీ కొండదారిలో జరిగిన పందెంలో మెర్సిడెస్ నడుపుతూ మరణించాడు. ఆయన చొక్కా ముంజేతి బొత్తాము ఇంజను వేగాన్ని సరిచేసే మీటకు తగులుకొన్నదని ఒక ప్రతీతి. 1911లో తల్లి కూడా గతించింది. పదహారేండ్ల బాలునికి అపార సంపద, కాంటర్‌బరీ సమీపాన హైయమ్ అనే పెద్ద భవనం, దాని చుట్టూ ఎస్టేటు మిగిలాయి, మందలించేవారు మిగలలేదు.

మొదటి ప్రపంచ సంగ్రామం ముగిసేసరికి విమానపు ఇంజనులు అక్కరకు మించి పడివున్నాయి. క్లైవ్ గాలప్ అనే నేర్పరియైన ఇంజనీరు తోడు కాగా లూయీ హైయమ్‌లో ఒక కర్మాగారమే నెలకొల్పాడు. పెద్ద ఇంజనును పాత బండిలో బిగించడం కొలతల పని మాత్రమే అనుకొంటే పొరపాటు. మేబాక్ ఇంజనులోని ఆరు సిలిండర్లలో ఒక్కొక్కటే దాదాపు నాలుగు లీటర్లు. విమానపు పంకాను తిప్పడానికి ఏర్పడినది గనుక అది మెల్లగా తిరుగుతుంది. కాని తిప్పే బలం అపారం. కావున ఇంజను చుట్లు తక్కువైనా చక్రాలు వేగంగా తిరిగేటట్లు పళ్లచక్రాల నిష్పత్తి కుదర్చాలి. ఆ బలాన్ని వెనుక చక్రాలకు చేర్చడానికి ఇరువైపులా గట్టి గొలుసులుండిన పాత మెర్సిడెస్ చట్రమే వారికి అక్కరకు వచ్చింది. పరుగుకు ఇన్ని ఉపాయాలు చేయవచ్చు గాని, ఆపడం మాటేమిటి? ముందు చక్రాలకు బ్రేకులు లేని కాలపు చట్రమది! టైర్లు సరేసరి. 1922లో ఆ కారు బ్రూక్‌లాండ్సులో అదుపు తప్పి, కాలగణన చేసేవారి గుడిసెను ఢీకొన్నది. పాపం, అక్కడి అధికారి ఒకరు చేతివేళ్లు పోగొట్టుకొన్నాడు.

రెండవ చిట్టీకి 18.8 లీటర్ల బెంజ్ విమాన ఇంజను అమర్చి, 1922లో లూయీ దానిలో సహారా ఎడారిదాకా వెళ్లి వచ్చాడు. ఆ తరువాత మూడవది. చివరిది హైయమ్ స్పెషల్: అమెరికా విమానాలకోసం తయారైన 27 లీటర్ల లిబర్టీ ఇంజను, పన్నెండు సిలిండర్లు, సుమారు 450 అశ్వశక్తి. బ్రూక్‌లాండ్సు బాటమీద అంతకు మించిన ఇంజను మరి పరుగెత్తలేదు. శైశవంలో ఉన్న ఆస్టన్ మార్టిన్ సంస్థకు ధనసహాయం చేసినవాడు కూడా ఇతడే. ధనికుల విలాసమని కొట్టివేయవచ్చునేమో గాని, చేతులకు నూనె అంటించుకొన్న విలాసమిది.

1924 అక్టోబరు 19న ఇటలీలోని మోంజాలో, మెర్సిడెస్ సంస్థ పక్షాన పందెంలో పాల్గొంటూ, అతని కారు చెట్టును ఢీకొన్నది. తండ్రిని బలిగొన్న పేరుగల కారులోనే ఇరవై తొమ్మిదేండ్లకు కొడుకు మరణించాడు. ఆనాడు అతడు తండ్రి బొత్తాములనే ధరించాడని చెప్పుకొంటారు. నమ్మడం, నమ్మకపోవడం పాఠకుల ఇష్టం.

హైయమ్ స్పెషల్‌ను ప్యారీ థామస్ అనే వేల్సు ఇంజనీరు 125 పౌండ్లకు కొని, బాబ్స్ అని పేరు మార్చి, 1926 ఏప్రిల్‌లో పెండైన్ సముద్రతీరాన గంటకు 171 మైళ్ల వేగంతో ప్రపంచ రికార్డు సాధించాడు. మరుసటి ఫిబ్రవరిలో మాల్కం క్యాంబెల్ దానిని మించిపోగా, తిరిగి గెలుచుకోబోయి, 1927 మార్చి 3న అక్కడనే ప్రాణాలు విడిచాడు. కారును ఆ ఇసుకలోనే పూడ్చిపెట్టారు. చిట్టీ పేరును ఇయాన్ ఫ్లెమింగ్ 1964లో ఒక పిల్లల కథకు పెట్టాడు. బాబ్స్‌ను 1969లో త్రవ్వితీశారు. వేల్సుకు చెందిన ఒక అధ్యాపకుడు ఏండ్ల తరబడి తుప్పుతో పోరాడి, ఆ లిబర్టీ ఇంజనును మళ్లీ మ్రోగించాడు.