హెన్రీ వెస్లీ వాయ్సీ

హెన్రీ వెస్లీ వాయ్సీ (1791 - 1824 ఏప్రిల్ 19) ఆంగ్లేయ శస్త్రవైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త. గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే (మహా త్రికోణమితీయ సర్వే)లో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేశాడు. భారతదేశంలో శిలలను శాస్త్రీయంగా పరిశీలించిన తొలితరం వారిలో ఒకడు. ఈయనను భారత భూగర్భ శాస్త్ర పితామహుడని కొందరు పేర్కొంటారు. కర్నూలు, కడప సీమలోని నల్లమల కొండలను, బనగానపల్లె వజ్రాల గనులను పరిశీలించాడు. తెలంగాణలోని కోనసముద్రంలో మూస ఉక్కు తయారయ్యే విధానాన్ని స్వయంగా చూసి వ్రాసుకున్నాడు. ఆ వ్రాత ఆయన మరణించిన ఎనిమిదేళ్ళకు అచ్చయింది. దక్కను ఉక్కు తయారీ గురించి నేడు తెలిసిన విషయాలకు అది ప్రధాన ఆధారాలలో ఒకటి.

సర్వే ఉద్యోగం

విలియం లాంబ్టన్ ఆధ్వర్యంలో దక్షిణాదిన మొదలైన త్రికోణమితీయ సర్వే 1818లో గవర్నర్ జనరల్ ప్రభుత్వం క్రిందికి వచ్చింది. అప్పుడు జార్జి ఎవరెస్టును లాంబ్టన్‌కు ముఖ్య సహాయకుడిగా నియమించారు. వాయ్సీని వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా నియమించారు. సర్వే కేంద్రం అప్పట్లో హైదరాబాదులో ఉండేది. జట్టులోని వారికి వైద్యం చేస్తూ, మజిలీ వేసిన ప్రతిచోటా రాళ్ళను, నేలలను, ఖనిజాలను గుర్తించి దినచర్యలో వ్రాసుకోవడం వాయ్సీ పని.

1819లో ఎవరెస్టు, వాయ్సీ ఉన్న జట్టు కృష్ణా, గోదావరి నదుల మధ్య ఉన్న దట్టమైన అడవులలో పనిచేసింది. వర్షాకాలంలో ఎల్లాపురం వద్ద వీరికి తీవ్రమైన అడవి జ్వరం సోకింది. జట్టులో అత్యధికులు మంచాన పడ్డారు. కొందరు మరణించారు. ఎవరెస్టును, వాయ్సీని మోతగాళ్ళు హైదరాబాదుకు చేర్చవలసి వచ్చింది. ఎవరెస్టు ఆరోగ్యం కోసం 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతానికి వెళ్ళాడు. వాయ్సీ దక్కనులోనే ఉండి పని కొనసాగించాడు. హైదరాబాదు ప్రాంతానికి ఆయన తయారుచేసిన భూగర్భ పటం దేశంలో అటువంటి తొలి ప్రయత్నాలలో ఒకటి.

కర్నూలు, కడప సీమలో

వాయ్సీ తిరిగిన కాలంలో కడప జిల్లా ఈస్టిండియా కంపెనీ పాలనలోని దత్తమండలాలలో భాగం. కర్నూలు, బనగానపల్లె వేర్వేరు నవాబుల ఏలుబడిలో ఉండేవి. (కర్నూలు 1839లో కంపెనీ అధీనమైంది. బనగానపల్లె సంస్థానం 1948 వరకు కొనసాగింది. బనగానపల్లె 2022 నుండి నంద్యాల జిల్లాలో ఉంది.)

నల్లమల కొండలలోను, వాటి పరిసరాలలోను కనిపించే పలక రాళ్ళు, ఇసుక రాళ్ళు, సున్నపు రాళ్ళను ఆయన ఒకే శిలా సముదాయంగా వర్ణించాడు. బనగానపల్లె వద్ద గోతులలోకి దిగి, వజ్రాలు ఇసుకరాతితో అతుక్కున్న గులకరాళ్ళ పొరలో దొరుకుతున్నాయని గుర్తించాడు. నదీతీరాలలోని మట్టిలో దొరికే వజ్రాలు ఇటువంటి రాతి పొరలు అరిగి కొట్టుకువచ్చినవేనని భావించాడు. 1872లో విలియం కింగ్ ఈ సీమ శిలలను కడప, కర్నూలు శ్రేణులుగా విడదీసి సమగ్ర గ్రంథం వెలువరించాడు. వాయ్సీ చెప్పిన వజ్రపు పొర నేటి వర్గీకరణలో కర్నూలు శ్రేణికి అడుగున ఉన్న బనగానపల్లె పొర.

కోనసముద్రం ఉక్కు

కోనసముద్రం నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని గ్రామం. ఇక్కడి ఉక్కు దిమ్మలు పర్షియాకు ఎగుమతి అయ్యేవి. ఈ రకపు ఉక్కును ఐరోపావారు వూట్జ్ అనేవారు. ఇది కన్నడ, తెలుగు భాషలలోని ఉక్కు అనే మాట నుండి వచ్చిందని సాధారణంగా అంగీకరిస్తారు. వాయ్సీ వెళ్ళేసరికి ఇస్ఫహాన్ నుండి వచ్చిన ఒక వర్తకుడు అక్కడ మకాం వేసి, కరిగింపును దగ్గరుండి చూసుకుంటున్నాడు. ఇదే విధానాన్ని తమ దేశంలో అనుకరించబోయి విఫలమైనట్లు పర్షియనులు వాయ్సీకి తెలిపారు.

వాయ్సీ వివరణ ప్రకారం ఇక్కడి ఉక్కుకు రెండు రకాల ఇనుము కావాలి. ఒకటి మిట్‌పల్లి వైపు అయస్కాంత గుణమున్న ఇసుక నుండి తీసిన ఇనుము. మరొకటి కొండాపూర్ వైపు ఇనుపమట్టి నుండి తీసినది. మొదటిది మూడు పాళ్ళు, రెండవది రెండు పాళ్ళు కలిపి, కొద్దిగా గాజువంటి చిట్టెం చేర్చి, మట్టి మూసలలో పెట్టి మూతివద్ద మట్టితో మెత్తేవారు. తిత్తులతో గాలి ఊదుతూ సుమారు 24 గంటలు కాచేవారు. మూసలు చల్లారిన తరువాత పగులగొట్టి దిమ్మలను బయటికి తీసేవారు.

అప్పుడే తీసిన దిమ్మ చాలా పెళుసు. సమ్మెట దెబ్బకు విరిగిపోతుంది. అందువల్ల దిమ్మకు పైన మట్టి పూత పూసి, కొలిమిలో 12 నుండి 16 గంటలు కాచి, తీసి చల్లార్చేవారు. ఉక్కు సాగగొట్టడానికి వీలయ్యేంత మెత్తబడేవరకు దీనినే మూడు నాలుగు సార్లు చేసేవారు. దీర్ఘకాలం కాచినపుడు ఉక్కు ఉపరితలంలోని కర్బనం కొంత తగ్గి, దిమ్మ చుట్టూ మెత్తని పొర ఏర్పడుతుంది. సాగగొట్టేటప్పుడు పగుళ్ళు రాకుండా ఆ పొర తోడ్పడుతుంది. ఈ కారణం తరువాతి కాలపు లోహశాస్త్రం వల్ల తెలిసింది. కోనసముద్రం పనివారికి అది అనుభవం ద్వారా తెలిసిన పని. వాయ్సీ గొప్పదనం ఆ గంటలను, పాళ్ళను, సార్లను విడిచిపెట్టకుండా నమోదు చేయడంలో ఉంది.

అదే కాలంలో ఐరోపాలో జరిగిన విశ్లేషణలు

వూట్జ్ నమూనాలను లండనులో జార్జి పియర్సన్ 1795లో పరీక్షించాడు. ఇందులో సాధారణ పోత ఉక్కులో కన్నా కర్బనం ఎక్కువని డేవిడ్ ముషెట్ 1805లో నిర్ధారించాడు. వాయ్సీ దక్కనులో పని మొదలుపెట్టిన 1819లోనే మైకేల్ ఫారడే వూట్జ్ విశ్లేషణను ప్రకటించాడు. ఫారడే కమ్మరి కొడుకు. ఉక్కులో కనిపించిన స్వల్పమైన అల్యూమినా, సిలికాలే దాని ప్రత్యేకతకు కారణమని ఆయన భావించాడు. ఈ అభిప్రాయం తరువాత నిలబడలేదు. అయితే కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి 1820, 1822లలో ఆయన ప్రకటించిన ఉక్కు మిశ్రమాల ప్రయోగాలు మిశ్రమ ఉక్కుల అధ్యయనానికి నాంది అయ్యాయి. పారిస్‌లో బ్రెయాన్ కారణం అధిక కర్బనమేనని 1820లలో సరిగా గుర్తించాడు.

వీరందరి చేతికి అందినది తయారైన ఉక్కు ముక్క మాత్రమే. ముడి ఇనుము ఏది, మూసలో ఏమి వేశారు, ఎంతసేపు కాచారు అనే సంగతులు వారి ప్రయోగశాలలలో తెలిసే వీలు లేదు. వాటిని చూసిన వాయ్సీ వ్రాతలు అప్పటికి అచ్చు కాలేదు.

ఉపరితలంపై గీతలు

ఈ ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తులకు నీటి అలలవంటి గీతలు ప్రసిద్ధి. కత్తిని సాగగొట్టి, ఆకురాయితో అరగదీసి, నునుపుగా మెరుగుపెట్టిన తరువాత కూడా ఈ గీతలు స్పష్టంగా కనబడవు. పులుపు పదార్థంతోగాని, ఇనుప లవణాల ద్రావణంతోగాని ఉపరితలాన్ని తడిపినపుడు మెత్తని భాగం నల్లబడుతుంది. సిమెంటైట్ అనే గట్టి ఇనుప కార్బైడ్ తెల్లగా మిగులుతుంది. అందువల్ల గీతలు బయటపడతాయి. మెరుగుపెట్టి ఆమ్లంతో తడపడం కత్తికి అలంకారమే కాక నాణ్యతకు పరీక్ష కూడా. షెఫీల్డుకు చెందిన హెన్రీ సోర్బీ 1860లలో ఉక్కు ఉపరితలాన్ని ఇదేవిధంగా సిద్ధంచేసి సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. నేటికీ పోత ఇనుము, ఉక్కుల పరిశీలన ఈ పద్ధతిలోనే మొదలవుతుంది.

మరణం

వాయ్సీ 1823లో గావిల్‌గఢ్ కొండలలో నల్లరాతి పొరల మధ్య శిలాజమైన గుల్లలను కనుగొన్నాడు. దక్కను పీఠభూమి చరిత్రను అర్థం చేసుకోవడంలో ఇది ముఖ్యమైన ఆవిష్కరణ. అదే సంవత్సరం జనవరి 20న లాంబ్టన్ హింగన్‌ఘాట్ వద్ద మరణించాడు. మరుసటి సంవత్సరం నాగపూరు వైపు నుండి కలకత్తాకు ప్రయాణం చేస్తూ 1824 ఏప్రిల్ 19న వాయ్సీ కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 33 సంవత్సరాలకు మించదు. ఆయన పరిశీలనలలో చాలా భాగం దినచర్య పుస్తకాలలోనే ఉండిపోయింది.

రచనలు

* దక్షిణ భారతదేశపు వజ్రాల గనులు - ఏషియాటిక్ రిసెర్చెస్, 1825
* ఆగ్రా కట్టడాల రాళ్ళు, పొదుగు పని - ఏషియాటిక్ రిసెర్చెస్, 1825
* దక్షిణ భారతదేశంలో దేశీయ ఉక్కు తయారీ - బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రిక, 1832
* గావిల్‌గఢ్ కొండల శిలాజ గుల్లలు - ఏషియాటిక్ రిసెర్చెస్, 1833

ప్రాముఖ్యత

చౌకైన విదేశీ ఉక్కు రావడంతో దక్కను మూస ఉక్కు పరిశ్రమ 19వ శతాబ్దంలో క్షీణించింది. కొలుముల దగ్గర పనిచేసినవారి విద్య వ్రాతలో కాక చేతిలో ఉన్నందున వారితోనే చాలావరకు అంతరించింది. కోనసముద్రం పరిసరాలలో మూసల పెంకులు, చిట్టెం కుప్పలు మిగిలాయి. 20వ శతాబ్దం చివర పరిశోధకులు ఆ పెంకులను విశ్లేషించారు. మట్టిలో కలిపిన వరి ఊక కాలి కర్బనం, సిలికా మిగల్చడం వల్ల మూసలు అంత వేడికి తట్టుకున్నాయని తేలింది. కత్తిపై గీతలు ఏర్పడడానికి ముడి ఇనుములో అతిస్వల్పంగా ఉన్న వనేడియం వంటి లోహాలు కారణమని అమెరికాలో జాన్ వెర్హోవెన్, కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రే 1998లో చూపారు. రెండు ప్రత్యేకమైన చోట్ల ఇనుమును కొలతతో కలిపేవారని వాయ్సీ నమోదు చేసిన విషయం దీనివల్ల మరింత విలువను సంతరించుకుంది. ఆ కొలిమి మండుతుండగా చూసి అంకెలతో సహా వ్రాసిన కొద్దిమందిలో వాయ్సీ ఒకడు.