రెండు జ్ఞాపకాల శాస్త్రవేత్త – డావన్ కాంగ్

ఈసారి మన గోడపత్రికకు నేను డావన్ కాంగ్ జీవితం రాస్తున్నాను. కరెంటు పోతే కంప్యూటరులో సేవ్ చేయనిది పోతది, సేవ్ చేసింది ఉంటది. ఎందుకని? ఈయన కథలోనే జవాబు ఉంది.

కాంగ్ 1931 మే 4న కొరియాలోని సియోల్‌లో పుట్టాడు. అప్పుడు ఆ దేశం జపాను పాలనలో ఉంది. 1945లో విముక్తి వచ్చింది గానీ 1950లో యుద్ధం మొదలై మూడేళ్లు సాగింది. అటువంటి రోజుల్లో ఆయన సియోల్ జాతీయ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివాడు. 1955లో అమెరికా వెళ్లాడు. పరాయి దేశం, పరాయి భాష. అయినా 1959లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో డాక్టరేటు పొందాడు.

అదే ఏడాది బెల్ ల్యాబ్స్‌లో చేరాడు. ఈజిప్టు నుంచి వచ్చిన మహమ్మద్ అటల్లాతో కలిసి మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టరు చేశాడు. సిలికాన్ మీద గాజులాంటి పలుచని పొర, దాని మీద లోహం. లోహానికి వోల్టేజి ఇస్తే కింద కరెంటు దారి తెరుచుకుంటది, తీసేస్తే మూసుకుంటది. 1960లో దాన్ని లోకానికి చెప్పారు. మొదట్లో బెల్ ల్యాబ్స్ వాళ్లే అంతగా పట్టించుకోలేదు. ఆయన మాత్రం పని వదల్లేదు.

1966లో ఐబీఎం కంపెనీలో రాబర్ట్ డెన్నార్డ్ అనే ఆయన ఇటువంటి ఒక ట్రాన్సిస్టరుకు చిన్న కెపాసిటరు జోడించి ఒక బిట్ దాచొచ్చని ఆలోచించాడు. ఇప్పటి ర్యామ్‌కు అదే మూలం. అది చిల్లు కుండ లాంటిది. విద్యుదావేశం కారిపోతుంటది, సెకనులో ఎన్నోసార్లు మళ్లీ నింపుతుండాలి. కరెంటు పోతే నింపేదెవరు? ఖాళీ!

1967లో కాంగ్, తైవాన్ నుంచి వచ్చిన సైమన్ జీతో కలిసి ఇంకో ఉపాయం కనిపెట్టాడు. ట్రాన్సిస్టరులో ఇంకో పొర పెట్టి, చుట్టూ కరెంటు పారని పదార్థం కప్పారు. లోపలికి నెట్టిన ఎలక్ట్రాన్లు బయటికి పోలేవు. ఇది మూత బిగించిన సొరకాయ బుర్ర అన్నమాట. ఈ ఆలోచన మీదే 1984లో తోషిబా కంపెనీ ఫుజియో మసువోకా ఫ్లాష్ మెమరీని ప్రకటించాడు. పెన్‌డ్రైవ్, ఎస్ఎస్‌డీ, ఫోను అన్నిట్లో ఉండేది అదే. కరెంటు లేకున్నా ఏళ్ల తరబడి దాస్తది.

మరి అన్నీ బుర్రల్లోనే పెట్టొచ్చు కదా అంటారేమో. మూత తీసి పెట్టడానికి టైము పడుతది, ర్యామ్ చాలా వేగం. పైగా రాసి, చెరిపి, మళ్లీ రాస్తుంటే ఆ పొర అరిగిపోతది. అందుకే కంప్యూటరుకు రెండూ కావాలి.

కాంగ్ 1988లో బెల్ ల్యాబ్స్ నుంచి రిటైరై, అమెరికాలో ఎన్ఈసీ పరిశోధనా సంస్థకు మొదటి అధ్యక్షుడయ్యాడు. 1992 మే 13న, 61 ఏళ్లకే చనిపోయాడు. పెన్‌డ్రైవులు 2000లో అమ్మకానికి వచ్చాయి. ఆయన చూడలేదు.

తమ్ముళ్లారా! ఆయన పని కోట్ల మంది జేబుల్లో ఉంది, పేరు మాత్రం కొద్దిమందికే తెలుసు. అందుకే మన గోడ మీద రాశాను. చదివి గుర్తుపెట్టుకోండి.