హైదరాబాద్ పేరుతో ఎగిరిన యుద్ధ విమానాలు

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అనగానే మనకు ఉస్మానియా దవాఖానా, యూనివర్సిటీ, హైకోర్టు భవనం గుర్తొస్తాయి. ఇంగ్లండ్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో మూడు స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు ఉండేదన్న సంగతి మాత్రం చాలామందికి తెలీదు. ఆ పేరు వెనక ఉన్నది నిజాం ఖజానా.

1886లో పుట్టిన ఉస్మాన్ అలీ ఖాన్, తండ్రి మహబూబ్ అలీ ఖాన్ ఇంతెఖాల్ తర్వాత 1911లో గద్దెనెక్కారు. అప్పటికి ఆయన వయసు 25. మూడేళ్లకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. తుర్కీ ఖలీఫా జర్మనీ వైపు నిలిచారు. హిందుస్తాన్ ముస్లింలలో చాలామంది మనసు ఖలీఫా వైపే ఉంది. నిజాం మాత్రం ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలబడ్డారు, ముస్లింలనూ అలాగే ఉండమన్నారు. డబ్బు కూడా ధారాళంగా ఇచ్చారు.

ఆ డబ్బుతోనే 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు వచ్చాయి. ఇవి నిజాం కానుక అని విమానాల మీద రాశారు కూడా. 1918 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ చేరిన ఈ స్క్వాడ్రన్, పట్టపగలే జర్మనీ పట్టణాల మీద దాడులకు వెళ్లింది. నష్టం మామూలుగా లేదు. అక్టోబర్ 21న ఒక్కరోజే ఏడు విమానాలు తిరిగి రాలేదు.

నిజాంకు దక్కింది బిరుదులు. మిగతా రాజులు హిజ్ హైనెస్ అయితే ఈయన హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్. దానితోపాటు యార్-ఎ-వఫాదార్, అంటే బ్రిటిష్ సర్కారుకు నమ్మకమైన దోస్తు.

రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఆ దోస్తీ సాగింది. ఇంగ్లండ్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ యుద్ధనౌకల మీద దాడికి వెళ్లినవాటిలో 110వ స్క్వాడ్రన్ బ్లెన్‌హీమ్ విమానాలున్నాయి. 1940లో ఇంగ్లండ్ ఆకాశాన్ని కాపాడిన పోరులో 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు, 253వ స్క్వాడ్రన్ హరికేన్లు ఎగిరాయి. ఆ రెండూ హైదరాబాద్ పేరు మోసినవే. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో ఉన్నది నిజాం దస్తార్. దాని కింద రాసుకున్న మాట కూడా నమ్మకమైన దోస్తు అనే.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఈ డబ్బు తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతులు కట్టిన శిస్తు నుంచి వచ్చింది. 1947లో ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోయారు. స్వతంత్రంగా ఉండాలనుకున్న నిజాంకు పాత దోస్తు ఆసరా ఇవ్వలేదు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, పైన యుద్ధ విమానాలు వచ్చాయి. పరాయి దేశానికి విమానాలు కొనిచ్చిన రాజ్యానికి సొంత వైమానిక దళమే లేదు. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. అంతకుముందు రజాకార్ల దౌర్జన్యాలకైనా, ఆ తర్వాత ముస్లిం కుటుంబాలపై జరిగిన హింసకైనా మూల్యం చెల్లించింది మామూలు జనమే.

తర్వాత 1956 దాకా ఆయన హైదరాబాద్ రాజ్‌ప్రముఖ్‌గా ఉన్నారు. 1965 యుద్ధ సమయంలో ఐదు టన్నుల బంగారం దానం చేశారని వాట్సాప్‌లో తిరిగే కథ నిజం కాదు. ఆయన ఇచ్చింది 425 కిలోలు. అది కూడా ఆరున్నర శాతం వడ్డీ వచ్చే జాతీయ రక్షణ గోల్డ్ బాండ్లలో పెట్టుబడి. దానం కాకపోయినా, ఈసారి సొంత దేశ రక్షణకే పనికొచ్చింది.

1967 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూశారు. కింగ్ కోఠి ఎదుట మస్జిద్-ఎ-జూదీలో ఖబర్ ఉంది. 152వ స్క్వాడ్రన్‌ను అదే ఏడాది రద్దు చేశారు, 110వది 1971లో పోయింది. నిజాం కానుకల్లో ఒక డీహెచ్-9ఏ మాత్రం మిగిలింది. 1918 అక్టోబర్‌లో జర్మన్లకు చిక్కి, బెర్లిన్ మ్యూజియంలో ఉండి, రెండో యుద్ధకాలంలో పోలండ్ చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను బదులిచ్చి ఇంగ్లండ్ దాన్ని వెనక్కి తెచ్చుకుంది. లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియానికి వెళ్లే మనవాళ్లు ఆ విమానం కోసం అడగండి. దాన్ని కొన్న డబ్బు మన తాతముత్తాతలదే.