బావులమీద నిలిచిన ఆనకట్ట

మన నారాయణరావుపేటలో బావి త్రవ్వుట ఎంత ప్రయాసమో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. పైన చెలక మన్ను, దాని క్రింద మొరము, ఆపైన అంతయు బండ. బండ నెరియలో ఊట తగిలిననే నీరు. ఇసుక నేలలో చిక్కు వేరు. త్రవ్విన గుంట త్రవ్వినట్లే పూడిపోవును. అచ్చట ఇటుకలతో గుండ్రని ఒర కట్టి, లోపలి ఇసుకను తోడుచుండగా ఒర తన బరువుతోనే క్రిందికి దిగును. ఈ పనిని నమ్ముకొని గోదావరికి అడ్డకట్ట వేసినవాడు ఆర్థర్ కాటన్ దొర.

ఆయన 1803లో ఇంగ్లండులో పుట్టి, 1821లో మద్రాసుకు వచ్చెను. కావేరిమీద చోళరాజుల నాటి కల్లణైని చూచి, లోతెరుగని ఇసుకలో కట్టడము నిలుచు విధమును నేర్చుకొనెను. పాలకుల జాతివాడై యుండియు, ఈ దేశపు పాత పనివారియొద్ద నేర్చుకొంటినని ఒప్పుకొనెను. ఇది నాకు మిక్కిలి గొప్పగా తోచుచున్నది.

1833 కరవులో గుంటూరు సీమయందు లక్షకు పైగా జనులు చనిపోయిరి. గోదావరి నీరు సముద్రము పాలగుచుండెను. 1847లో ధవళేశ్వరమున పని మొదలాయెను. ఇసుకలో వరుసగా బావులు దింపి, వాటిని నింపి, వాటిమీద గోడలు లేపిరి. మరుసటి యేట దొర జబ్బుపడి ఆస్ట్రేలియాకు వెళ్లవలసివచ్చెను. 1850లో తిరిగివచ్చి, 1852లో పని ముగించెను. ఆ ఆనకట్ట నూరేండ్లకు పైగా డెల్టాకు నీరిచ్చెను. దొర 1899లో మరణించెను.

ఆ కాలువలు పల్లమునకు వాటంతట అవే పారినవి. మనది మెట్ట. 2020లో సిద్దిపేట దగ్గరి రంగనాయకసాగరుకు వచ్చిన గోదావరి నీటిని మాత్రము మోటార్లతో ఎత్తిపోయవలసివచ్చెను.