పురుగులు పట్టుకుంటూనే పట్టా పుచ్చుకున్నాడు

తాత డాక్టరు. తండ్రి ఊళ్లోకెల్లా పేరున్న డాక్టరు. అన్న కూడా ఆ చదువులోనే ఉన్నాడు. ఇక చిన్నకొడుకు ఏం చదవాలో ఒకరు అడిగేదేముంది, ఇంకొకరు చెప్పేదేముంది? పదహారేళ్లు నిండగానే మెడిసిన్‌లో చేర్చేశారు. రెండేళ్లు తిరక్కుండానే ఆ కుర్రాడు పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేశాడు. డిగ్రీ లేదు. మళ్లీ ఆ గడప తొక్కనన్నాడు.

ఆ కుర్రాడే చార్లెస్ డార్విన్. జీవులు ఒకదాని నుంచి ఒకటి ఎలా మారుతూ వచ్చాయో చెప్పిన శాస్త్రవేత్తగా పాఠ్యపుస్తకాల్లో మనందరికీ తెలిసిన గడ్డం పెద్దాయన. అయితే ఆయన కాలేజీ రోజుల గురించి పెద్దగా చెప్పుకోరు. ఒక చదువు సగంలో వదిలేశాడు. ఇంకో చదువు మనసు లేకుండానే పూర్తి చేశాడు. రెండూ ఆవలింతలు తెప్పించినవే. మరి మొదటిది ఎందుకు మునిగింది? రెండోది ఎలా గట్టెక్కింది? డ్యూటీ దిగి వచ్చి, గదిలో అందరూ పడుకున్నాక దూరవిద్య పుస్తకం తెరిచి కళ్లు నులుముకునే మనవాళ్లకు ఈ కథ కాస్త పనికొస్తుంది.

బట్టీ పట్టలేని పిల్లాడు

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో పుట్టాడు. ఎనిమిదేళ్లకే తల్లి పోయింది. 1818లో ఊళ్లోనే ఉన్న బోర్డింగ్ స్కూల్లో వేశారు. అక్కడ లాటిన్, గ్రీకు పద్యాలు వల్లె వేయడమే చదువు. ఈ రోజు అప్పజెప్పినవి రెండు రోజులకల్లా మర్చిపోయేవాడు. అన్నతో కలిసి ఇంటి తోటలోని షెడ్డులో రసాయనాలు కలిపి ప్రయోగాలు చేయడమంటే మాత్రం ప్రాణం. తోటి పిల్లలు గ్యాస్ అని పేరు పెట్టి ఏడిపించారు. హెడ్మాస్టరు అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. తుపాకీ, కుక్కలు, ఎలుకల వేట తప్ప వీడికి ఇంకేదీ పట్టదని, ఇంటి పరువు తీస్తాడని తండ్రి ఓసారి కేకలేశాడు. ఆ మాట డార్విన్‌కు ముసలితనంలో కూడా గుర్తుంది.

రక్తం చూడలేకపోయాడు

1825లో స్కాట్లండ్‌లోని ఎడింబరో యూనివర్సిటీలో మెడిసిన్‌లో చేరాడు. చలికాలంలో పొద్దున్నే ఎనిమిది గంటలకు మందుల గురించి క్లాసు. ఆ క్లాసు గుర్తొస్తే తర్వాత ఎన్నేళ్లకైనా ఒళ్లు జలదరించేది. అనాటమీ ప్రొఫెసరు చెప్పే పాఠం అంతకన్నా చప్పగా ఉండేది. భూగర్భశాస్త్రం క్లాసుకు వెళ్లి, జన్మలో ఆ సబ్జెక్టు ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాడు.

విసుగు ఒక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేవాడేమో. అప్పటికి మత్తుమందు లేదు. క్లోరోఫాం రావడానికి ఇంకా 20 ఏళ్లకు పైనే పట్టింది. రోగి స్పృహలో ఉండగానే కోసేవారు. డార్విన్ రెండుసార్లు ఆపరేషన్ చూడటానికి వెళ్లాడు. అందులో ఒకటి చిన్నపిల్లకు. రెండుసార్లూ ఆపరేషన్ పూర్తి కాకముందే బయటికి పరుగెత్తాడు. ఇంకెప్పుడూ వెళ్లలేదు.

మరో కారణం కూడా ఉంది. దాన్ని ఆయనే తర్వాత దాచకుండా రాసుకున్నాడు. తండ్రి ఆస్తి తన బతుకుకు సరిపోతుందని అప్పటికే అర్థమైంది. ఇక కష్టపడి చదవాలన్న ఊపు పోయింది. మనలో చాలామందికి ఆ సౌకర్యం లేదు. నెలనెలా ఇంటికి డబ్బు పంపితేగానీ పొయ్యి వెలగని వాళ్లం. డార్విన్ కథ చదివేటప్పుడు ఈ తేడా మర్చిపోకూడదు.

గంట పాఠానికి కూర్చోబెట్టిన గురువు

అంత బోరు కొట్టిన ఎడింబరోలో కూడా డార్విన్ ఒకచోట మాత్రం బుద్ధిగా కూర్చుని నేర్చుకున్నాడు. అది యూనివర్సిటీ గదిలో కాదు. జాన్ ఎడ్మన్‌స్టన్ అనే నల్లజాతి మనిషి దగ్గర. ఆయన దక్షిణ అమెరికాలోని గయానాలో బానిసగా పుట్టి, తర్వాత విముక్తి పొంది, ఎడింబరో చేరినవాడు. చనిపోయిన పక్షుల చర్మం పాడవకుండా చూసి, బతికున్నట్టే నిలబెట్టే పనిలో చెయ్యి తిరిగినవాడు. పరాయి దేశంలో ఆ చేతిపనినే నమ్ముకుని బతికాడు.

రోజుకో గంట చొప్పున రెండు నెలలు నేర్పడానికి ఎడ్మన్‌స్టన్ తీసుకున్నది ఒక్క గినీ, అంటే ఒక పౌనూ ఒక షిల్లింగూ. ఊళ్లో పెద్ద డాక్టరు కొడుకు వచ్చి ఆయన దగ్గర శిష్యరికం చేశాడు. పనితోపాటు గయానా అడవుల కబుర్లూ విన్నాడు. ఆ పాఠం తర్వాత ఎక్కడ అక్కరకొచ్చిందో ముందు చూద్దాం.

1827 వసంతంలో డార్విన్ డిగ్రీ లేకుండానే ఎడింబరో వదిలేశాడు.

రెండోసారి ఇంకో బోరు

తండ్రికి దిగులు పట్టుకుంది. డాక్టరు కాకపోతే చర్చిలో పాస్టరు అయినా కావాలన్నాడు. పల్లెటూరి చర్చిలో పని తక్కువ, గౌరవం ఎక్కువ. కానీ దానికి ఇంగ్లండ్ యూనివర్సిటీ నుంచి బీయే ఉండాలి. డార్విన్ కాదనలేదు. తీరా చూస్తే బళ్లో నేర్చిన గ్రీకు అంతా ఆవిరైపోయింది, కొన్ని అక్షరాలు కూడా గుర్తులేవు. ఇంటిదగ్గర ట్యూషన్ పెట్టించుకుని మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు. 1828 జనవరిలో కేంబ్రిడ్జ్‌లోని క్రైస్ట్స్ కాలేజీకి చేరాడు. మిగతావాళ్లకన్నా ఒక టర్ము ఆలస్యం.

ఇక్కడా అదే తంతు. క్లాసులు నచ్చలేదు. లెక్కలకు వేసవిలో ప్రత్యేకంగా మాస్టారిని పెట్టుకున్నా ఆల్జీబ్రాకు అర్థం ఏమిటో తెలియక చిరాకుపడి వదిలేశాడు. గుర్రపు స్వారీ, వేట, పేకాట, విందులు, కొంత అప్పు. అన్నిటికన్నా పెద్ద పిచ్చి పెంకుపురుగులు. చెట్ల బెరడు ఒలిచి, పాచి గీకి రకరకాల పురుగులు పోగుచేసేవాడు. ఒకరోజు రెండు చేతుల్లో రెండు అరుదైన పురుగులున్నాయి. మూడోది కనిపించింది. వదిలిపెట్టడానికి మనసొప్పక చేతిలోదాన్ని నోట్లో వేసుకున్నాడు. అది నాలుక మండేలా ఏదో చిమ్మింది. ఉమ్మేశాడు. ఆ పురుగూ పోయింది, మూడోదీ పోయింది.

ఈ కుర్రాడు బీయే పాసవుతాడని ఎవరైనా అనుకుంటారా?

శుక్రవారం సాయంత్రాలు

కేంబ్రిడ్జ్‌లో బోటనీ ప్రొఫెసరు జాన్ హెన్‌స్లో. ఆయన చెప్పే సబ్జెక్టు డార్విన్ డిగ్రీకి అక్కర్లేదు. అయినా ఆ క్లాసుకు ఇష్టంగా వెళ్లేవాడు. హెన్‌స్లో వారానికో సాయంత్రం, శుక్రవారం నాడు, విద్యార్థులకూ ప్రొఫెసర్లకూ తన ఇంటి తలుపు తెరిచి ఉంచేవాడు. డార్విన్ అక్కడ పెద్దల మాటలు వినేవాడు. రానురాను ఇద్దరూ కలిసి చాలా దూరం నడుస్తూ మొక్కల గురించి, రాళ్ల గురించి మాట్లాడుకునేవారు. హెన్‌స్లోతో నడిచే కుర్రాడని డార్విన్‌కు పేరొచ్చేసింది.

మెడిసిన్‌కీ బీయేకీ తేడా ఇక్కడే వచ్చింది. ఎడింబరోలో ఆపరేషన్ గదిని చూస్తేనే ఒళ్లు వణికింది. అది భరించలేని చదువు. కేంబ్రిడ్జ్‌ది విసుగు పుట్టించే చదువు, అంతే. విసుగు వారం పొడుగునా ఉన్నా, శుక్రవారం సాయంత్రం ఒకటి దొరికితే మనిషి నిలబడగలడు.

ఇష్టం లేకుండానే పదో స్థానం

డార్విన్ గోల్డ్ మెడల్ కోసం పాకులాడలేదు. ఆనర్స్ జోలికి పోలేదు. మామూలు బీయే చాలనుకున్నాడు. 1830 మార్చిలో మొదటి పరీక్ష గట్టెక్కాడు. చివరి ఏడాది మాత్రం పురుగుల పెట్టె కాస్త పక్కన పెట్టి ఒళ్లు వంచాడు. విలియం పేలీ మతగ్రంథం సిలబస్‌లో ఉంది. అందులోని వాదన తీరు నచ్చి, పుస్తకం మొత్తం చూడకుండా రాయగలిగేంతగా చదివేశాడు. యూక్లిడ్ జ్యామితి కూడా నచ్చింది. చప్పటి సిలబస్‌లో ఆ రెండు ముక్కలు పట్టుకుని మిగతాదాన్ని లాక్కొచ్చాడు.

1831 జనవరిలో ఆఖరి పరీక్ష. ఆనర్స్ లేకుండా పాసైన 178 మందిలో పదోవాడిగా వచ్చాడు. అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది అతనే.

అక్కడితో అయిపోలేదు. ఆలస్యంగా చేరాడు కాబట్టి నిబంధన ప్రకారం ఇంకో రెండు టర్ములు కాలేజీలోనే ఉండాలి. పరీక్ష అయిపోయాక ఊరికే కూర్చోమంటే ఎవరికైనా ఒళ్లుమంటే. కానీ డార్విన్ జీవితాన్ని మార్చింది ఆ ఖాళీ నెలలే. హంబోల్ట్ రాసిన దక్షిణ అమెరికా యాత్రల పుస్తకం, హెర్షెల్ రాసిన శాస్త్ర పరిచయం చదివాడు. దూరదేశాలు చూడాలన్న కోరిక పట్టుకుంది. ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్న భూగర్భశాస్త్రాన్ని హెన్‌స్లో మాటమీద మళ్లీ పట్టుకున్నాడు. ఆగస్టులో ప్రొఫెసర్ సెడ్జ్‌విక్ వెంట వేల్స్ కొండల్లో తిరిగి రాళ్లు చదవడం నేర్చుకున్నాడు.

మేనమామ మాట

ఆగస్టు 29న ఇల్లు చేరేసరికి ఉత్తరం ఎదురుచూస్తోంది. బీగిల్ అనే ఓడ దక్షిణ అమెరికా తీరం సర్వేకు వెళ్తోంది. కెప్టెన్ ఫిట్జ్‌రాయ్‌కి తోడుగా ప్రకృతి తెలిసిన మనిషి కావాలి. హెన్‌స్లో తానే వెళ్దామనుకున్నాడు, సంసారం ఉందని ఆగాడు. ఆయన బావమరిది జెనిన్స్ కూడా కుదరదన్నాడు. మూడో పేరు డార్విన్‌ది.

జీతం లేదు. ఖర్చు ఇంటినుంచే. తండ్రి ఒప్పుకోలేదు. ఇంగితం ఉన్న మనిషి ఎవరైనా వెళ్లమంటే అప్పుడు చూద్దామన్నాడు. డార్విన్ మేనమామ జోసయా వెడ్జ్‌వుడ్ దగ్గరికి వెళ్లాడు. పింగాణీ సామాన్లకు పేరుపడ్డ కంపెనీ వాళ్లదే. మేనమామ తండ్రి అభ్యంతరాలకు ఒక్కొక్కదానికీ జవాబు రాసి, స్వయంగా బండి కట్టించుకుని వచ్చాడు. తండ్రి మెత్తబడ్డాడు. 1839లో డార్విన్ ఆ మేనమామ కూతురు ఎమ్మానే పెళ్లి చేసుకున్నాడు.

1831 డిసెంబరు 27న ఓడ కదిలింది. తిరిగొచ్చింది 1836 అక్టోబరు 2న. దాదాపు అయిదేళ్లు. సముద్రం పడక వాంతులు చేసుకుంటూనే ప్రపంచం చుట్టి వచ్చాడు. దారి పొడుగునా పక్షుల్ని పాడవకుండా దాచి ఇంగ్లండ్ పంపాడు. అప్పుడు అక్కరకొచ్చింది ఎడ్మన్‌స్టన్ నేర్పిన గంట పాఠం.

బీయే పట్టా చూసి డార్విన్‌ను ఎవరూ ఓడ ఎక్కించలేదు. మధ్యలో వదిలేసి వెళ్లిపోకుండా చివరిదాకా ఉన్నాడు కాబట్టి ఎక్కించగల మనిషి కంట్లో ఉన్నాడు.

ఇష్టమైన పనిలోనూ విసుగు

నచ్చిన పని దొరికితే ఇక బోరు ఉండదనుకుంటాం. డార్విన్‌కు దొరికింది. బోరు మాత్రం పోలేదు. 1846లో బార్నకిల్స్ మీద పని మొదలెట్టాడు. ఓడరేవుల్లో, డ్రైడాక్‌లో పనిచేసే మనవాళ్లకు ఇవి బాగా తెలుసు. ఓడ అడుగున అంటుకుని గీకినా ఊడని గుల్లలు. కొన్ని నెలల్లో అయిపోతుందనుకున్న పని ఎనిమిదేళ్లు పట్టింది. నడుమ ఆరోగ్యం చెడింది. 1851లో ముద్దుల కూతురు ఆనీ పదేళ్లకే చనిపోయింది. బార్నకిల్స్ పేరెత్తితే చిరాకుపడే స్థితికి వచ్చాడు. ఇంట్లో పిల్లలకు ఆ పని ఎంత మామూలైపోయిందంటే, వాళ్లలో ఒకరు తెలిసినవాళ్ల ఇంటికెళ్లి ఆ ఇంటాయన బార్నకిల్స్ ఎక్కడ చూసుకుంటాడని అడిగారట!

అయినా వదల్లేదు. 1854కల్లా నాలుగు సంపుటాలు పూర్తి చేశాడు. 1853లోనే రాయల్ సొసైటీ మెడల్ ఇచ్చింది. ఒక జాతిలోనే ప్రాణులు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉంటాయో ఆ గుల్లలే ఆయనకు నేర్పాయి. 1859 నవంబరు 24న జీవజాతుల పుట్టుక మీద ఆయన పుస్తకం వచ్చింది. అప్పటికి వయసు 50. 1882 ఏప్రిల్ 19న కన్నుమూశాడు. పాస్టరు కాకపోయినా లండన్‌లో అతి పెద్ద గౌరవం ఉన్న వెస్ట్‌మినిస్టర్ అబ్బీ చర్చిలోనే సమాధి చేశారు.

ఎగ్గొట్టిన పాఠాలు

చివరి రోజుల్లో డార్విన్‌కు కాలేజీ గురించి కొన్ని బాధలు మిగిలాయి. ఎడింబరోలో శవచ్ఛేదన నేర్చుకోలేదు. ప్రాణుల శరీరాలు కోసి చూడాల్సి వచ్చిన ప్రతిసారీ ఆ లోటు తెలిసొచ్చింది. చిరాకుపడి వదిలేసిన ఆల్జీబ్రా కూడా అంతే. కాస్త ఓర్చుకుని పునాది వరకైనా నేర్చుకుని ఉంటే బాగుండేదనుకున్నాడు. ఆరోజు బోరు కొట్టిన పాఠం రేపు దేనికి కావాలో ఆరోజే తెలియదు.

మీ డిగ్రీ మీకు ఆపరేషన్ గదిలాంటిదైతే, చూస్తేనే వణుకు పుడితే, మార్చుకోవడంలో తప్పు లేదు. అది కేవలం విసుగే అయితే మాత్రం వదలకండి. పాస్ మార్కులు చాలనుకోండి. నచ్చిన రెండు పాఠాలు ముందు పట్టుకోండి. రాని సబ్జెక్టుకు తెలిసినవాణ్ణి బతిమాలుకోండి. మీ పెంకుపురుగుల పిచ్చి ఏదైతే అది అలాగే ఉండనివ్వండి. సెలవు రోజు సాయంత్రం ఒక గంట, చదువు సంగతి మాట్లాడే మనిషితో గడపండి. ఆ మనిషి ప్రొఫెసరే కానక్కర్లేదు, పక్క మంచం మీద ఉన్న ఎడ్మన్‌స్టన్ అయినా చాలు.